ఉత్తనీళ్ళ మేత

పద్దెనిమిది మీటర్ల లోతున, తెల్లటి ఇసుక మీద మోకాళ్ళూని కూర్చున్న పర్యాటకులు పన్నెండుమందీ ఒక్కసారే తలలెత్తారు. దూరపు నీలంలోంచి మొదటి మాంటా చేప వచ్చింది. రెండు నులకమంచాలు కొసాకొసా కలిపి వేసినంత వెడల్పు రెక్కలు. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. చూస్తూండగా తొమ్మిదయ్యాయి. నోటికి రెండు వైపులా చుట్టచుట్టుకుని ఉండే తోలు మడతల్ని విప్పి, గుహలాంటి నోళ్ళు తెరిచి, ఒకదాని తరవాత ఒకటి వెనక్కి పల్టీలు కొట్టడం మొదలుపెట్టాయి. తెల్లని పొట్టలు నీటిలో వెలుగుతున్నాయి. పర్యాటకుల్లో ఒకావిడ రెండు చేతులూ గుండెమీద పెట్టుకుంది.

పగడపు దిబ్బ వెనక, తను తయారుచేసిన పెట్టె పక్కన, డాక్టర్ సూరాడ రేణుక చేతిలోని పలక మీద తొమ్మిది అని రాసుకుంది. అందరూ ఆ పల్టీలు చూస్తున్నారు. ఆమె మాత్రం వాటి వీపులు చూస్తోంది. చూసి, చూపు తిప్పుకుంది.

పర్యాటకులకు దారి చూపే దానయ్య దూరం నుంచి ఆమెనే గమనిస్తున్నాడు. పడవ ఎక్కాక, ముందు వైపు వాళ్ళంతా కేరింతలు కొడుతుంటే, అతను వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఒలే రేణుకా, ఈటి నడ్డులు సూసినావేటి? ఎలాగ దిగబడిపోనాయో?"

"తింటున్నాయి కదా మావా. నోళ్ళు తెరిచి తిరుగుతున్నాయి కదా."

"ఏటి తింతన్నాయి? నీల్లల్లో నుసి ఏదీ? నుసి ఉంటే నీల్లు మసకేస్తాయి. ఇయ్యాల సివర రాయి దాకా తేటగా అవుపడతంది. ఇంత తేట నీల్లల్లో నోరు తెరిసిన టేకుని నా ముప్పయ్యేల్లల్లో సూల్లేదు."

గవ్వదీవి తెలుగువాళ్ళు మాంటాల్ని రెక్కటేకులంటారు. అవి తినే కంటికానని జీవుల్ని నుసి అంటారు. మూడు తరాల కిందట శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్ సముద్రంలోని ఈ చిన్న దీవికి వచ్చిన వేటకుటుంబాలు వాళ్ళవి. దానయ్య రేణుకకు మేనమామ. ఆమె తండ్రి తుఫానులో వెళ్ళిన పడవతోపాటు తిరిగి రాకపోతే, తొమ్మిదేళ్ళ పిల్లని ఇంటికి తెచ్చుకుని పెంచాడు. నీళ్ళలో కళ్ళు తెరవడం నేర్పింది అతనే. పొట్టమీది మచ్చల్ని బట్టి ఏ టేకు ఏదో గుర్తుపట్టడం నేర్పిందీ అతనే. ఆ మచ్చల మీదే ఆమె డాక్టరేటు చేసింది.

"గాలి మార్పు మావా. ఈ కాలంలో కొంచెం తగ్గుతాయి," అంది రేణుక.

దానయ్య తలూపాడు. మేనకోడలు చదువుకున్నది. ఆమె చెప్పాక ఇంకేముంది?

*

ఆ పెట్టెకు కాగితాల మీద పెద్ద పేరే ఉంది. దీవిలో అంతా పిలుపుపెట్టె అనేవారు.

నుసి దట్టంగా చేరినచోట, లక్షల జీవులు ఒకేసారి కాళ్ళాడించడం వల్ల నీటిలో అతి సన్నని విద్యుత్తు గుసగుస పుడుతుంది. మనిషికి తెలియదు. మాంటాకు తెలుస్తుంది. దాని నోటి చుట్టూ ఉన్న చిన్న గుంటలు దాన్ని పట్టుకుంటాయి. రేణుక అయిదేళ్ళు ఉత్తరపు పాయలో తీగలు వేలాడదీసి ఆ గుసగుసను పట్టి దాచింది. ఒక ఉదయం, నుసి లేని చోట, పెట్టెలోంచి దాన్ని తిరిగి నీటిలోకి వదిలింది. పావుగంటలో మూడు మాంటాలు నోళ్ళు తెరుచుకుని వచ్చాయి. ఆమె మాస్కులోనే ఏడ్చింది, సంతోషంతో.

అప్పట్లో వారానికి పది నిమిషాలే. వచ్చినవాటిని లెక్కబెట్టి, ఫొటోలు తీసి, పెట్టె ఆపేసేది. తరవాత పరిశోధనకేంద్రం డైరెక్టర్ చక్రపాణి గారు ఒకసారి అతిథుల్ని తెచ్చి చూపించారు. ఆపైన ఇంకొంతమందిని. గడియారం పెట్టుకున్నట్టు తొమ్మిది గంటలకు మాంటాలు వచ్చే పగడపు రీఫు ప్రపంచంలో ఇంకెక్కడా లేదని పత్రికలు రాశాయి. రేణుక ఫొటో వేశాయి. రాజధానిలో శాలువా కప్పారు. మూతపడుతుందనుకున్న కేంద్రానికి కొత్త భవనం లేచింది. పది నిమిషాలు కాస్తా రోజుకు రెండు పూటలూ, పూటకు రెండు గంటలూ అయింది.

అంటే రోజుకు నాలుగు గంటలు మాంటాలు ఉత్తనీళ్ళు మింగుతున్నాయి.

కెమెరాకు బిగించిన లేజరు కిరణాలతో రేణుక వాటి ఒంటి మందం కొలిచేది. ఫిబ్రవరిలో కొంచెం తగ్గింది. మార్చిలో ఎంత తగ్గిందో చూశాక యంత్రం తప్పు కొలిచిందనుకుని మళ్ళీ కొలిచింది. తప్పు కాదు. నివేదిక ఇవ్వాల్సిన రోజున ఆ కొలతల వరుస ముందు చాలాసేపు కూర్చుంది. చివరికి ఆ వరుసను తీసేసింది. వచ్చే నెల సరిపోతుందిలే, అప్పుడు కలుపుదాం అనుకుంది. వచ్చే నెలా అలాగే అనుకుంది.

*

జూన్ మొదటివారంలో దానయ్య తీగ కోశాడు.

పర్యాటకులు చూస్తూండగానే కోశాడు. పెద్దమ్మి అని అతను పిలిచే నిండుచూలు మాంటా ఆ రోజు పల్టీ కొట్టబోయి మధ్యలో ఆగి, పక్కకు ఒరిగి, మళ్ళీ లేచి నోరు తెరిచింది. దానయ్య అది చూడలేకపోయాడు. దిబ్బ వెనక్కి ఈదుకుంటూ వెళ్ళి, నడుముకున్న కత్తి తీసి, పెట్టె తీగను ఒక్క వేటుకి తెంపేశాడు.

మూడో రోజున పెద్దమ్మి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పక్కనే ఇంకా రెక్కలు మడతపెట్టుకునే ఉన్న దాని పిల్ల.

దీవంతా గగ్గోలైంది. పెద్ద ఊరి నుంచి ముగ్గురు అధికారుల విచారణ సంఘం వచ్చింది. ప్రభుత్వ పరికరం ధ్వంసం చేశాడు, దానివల్ల రక్షిత జీవి చచ్చిపోయింది అన్నది అభియోగం. కొత్త భవనంలోని హాల్లో దానయ్య గోడవారన, తెల్లచొక్కా పైగుండీ కూడా పెట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

సంఘం పెద్ద రేణుకను అడిగాడు. "డాక్టర్ గారూ, ఆ పరికరం చేసింది మీరు. నడుస్తుండగా తీగ తెగితే దగ్గరున్న జంతువులకు షాక్ తగిలే అవకాశం ఉందా?"

చేతిలైటు పాటి బలం కూడా లేని పెట్టె అది. ఆ తీగ తెగితే చిట్టి రొయ్యకు కూడా ఏమీ కాదు. ఆ సంగతి ఆమెకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. లేదు అంటే చాలు. కానీ లేదంటే వెంటనే తరవాతి ప్రశ్న వస్తుంది. మరి ఎలా చచ్చిపోయింది?

చక్రపాణి గారు బల్ల మీది కాగితాలు సర్దుకుంటున్నారు.

"లేదని చెప్పలేం," అంది రేణుక.

మూడు మాటలు కూడా పూర్తిగా కాదు. గొంతు వణకలేదు. అదే ఆమెకు తరవాత్తరవాత ఎక్కువ సిగ్గనిపించింది.

ఆమె తలెత్తి చూసేసరికి దానయ్య ఆమె వైపు చూడటం లేదు. నేలకేసి చూస్తున్నాడు. కోపం పట్టలేక చూడటం లేదనుకుంది. ఆ సాయంత్రమే, ముప్పయ్యొక్క ఏళ్ళుగా అతని దగ్గరున్న డైవింగ్ కార్డు రద్దుచేశారు. పెట్టెకు కొత్త తీగ వేశారు.

*

నెల తరవాత ఒక మధ్యాహ్నం దానయ్య భార్య ఎర్రమ్మ క్వార్టర్సుకు వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె. లోపలికి రాకుండా వరండా మెట్టు మీదే కూర్చుంది.

"ఎండు నెత్తల్లు వండినానమ్మా. నీకిష్టమని తెచ్చినాను."

రేణుక గిన్నె అందుకుంది. తిట్టడానికి వచ్చిందనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా.

"మావ ఎలా ఉన్నాడు అత్తా?"

"ఏటి సెప్పమంతావు? సేప ముట్టుకోడు. సముద్రంలో కాలెట్టడు. ఆ తల్లినీ పిల్లనీ పూడ్సిన కాడికి పొద్దున్నే పోయి కూకుంతన్నాడు. అన్నానికి రమ్మని నాను పోయి సెయ్యట్టుకు లాక్కురావాల." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాను నీ మీద కోపంతోనే ఒకమాటన్నాను తల్లీ, ఏటనుకోకు. మేనకోడలయ్యుండి అలాగ సెప్పీడమేటి అన్నాను. నా మీదకి కయ్యిమన్నాడు. రేణుక అబద్దమాడదు, దాన్ని పెంచినోన్ని నాకు తెల్దా, అది సెప్పినాదంటే నానే సంపీసినట్టు అన్నాడు."

రేణుక చేతిలో గిన్నె వేడిగా ఉంది. కింద పెట్టాలన్న ఆలోచన రాలేదు.

"ఒక్కటడుగుతాను. సదువుకున్నదానివి, నాకరదమయ్యేలాగ సెప్పు. ఆడే సంపినాడేటి నిజంగాను?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. ఒక ముసలావిడ ముందు, వరండా మెట్టు మీద, వినేవాళ్ళెవరూ లేరు. రేణుక నోరు తెరిచింది. "నేనొచ్చి మావతో మాట్లాడతాను అత్తా," అంది.

ఎర్రమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసి, మరేమీ అడగకుండా లేచి వెళ్ళిపోయింది. రేణుక మూత తియ్యకుండానే గిన్నెను మెట్టు మీద పెట్టింది. ఆ రోజు హాల్లో దానయ్య తల దించుకున్నది కోపంతో కాదు. తను చెప్పిన మాట నమ్మి.

*

మర్నాడు పొద్దున పర్యాటకుల పడవల్ని వెనక్కి పంపేసి, రేణుక పెట్టెను ఆపేసింది. మెయిన్‌లాండులో సమావేశంలో ఉన్న చక్రపాణి గారు ఫోన్ చేశారు.

"సీజన్ మధ్యలో ఆపడమేమిటి రేణుకా? ఎవరినడిగి ఆపావు?"

"ఎవర్నీ అడగలేదు సార్. వాటికి తిండి లేదు. మార్చి నుంచి నాకు తెలుసు. కొలతలు మీకు పంపిస్తున్నాను, సంఘానికి కూడా పంపిస్తున్నాను."

"బాగా ఆలోచించుకో," అన్నారాయన. ఆలోచించుకుంటే పంపలేనని ఆమెకు తెలుసు. అందుకే ఫోన్ పెట్టేసిన వెంటనే పంపేసింది.

పెట్టె ఆపితే మాంటాలు ఆకలి గుర్తొచ్చి తమ దారిన పోతాయనుకుంది. తొమ్మిది గంటలకు ఎనిమిదీ వచ్చాయి. మూగగా పడున్న పెట్టె మీద నోళ్ళు తెరిచి పల్టీలు కొట్టాయి. రెండో రోజూ వచ్చాయి. ఆరో రోజూ వచ్చాయి. పిలుపు ఉన్నా లేకపోయినా, తొమ్మిదింటికి ఇక్కడ మేత ఉంటుందని నేర్చేసుకున్నాయి. ఆ నేర్పు ఆమెదే.

ఆరో రోజు నీళ్ళలోంచి తిన్నగా ఒడ్డుకు నడిచి వెళ్ళింది. మొగలిపొదల పక్కన, ఇసుక ఎత్తుగా ఉన్నచోట దానయ్య కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఆమె కూడా ఇసుకలో కూర్చుంది. తడిబట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మావా, ఆ తీగ తెగితే షాక్ కొట్టదు."

అతను తల తిప్పలేదు. "కొడతాదని నువ్వే గదే అన్నావు."

"అన్నాను. అబద్ధం చెప్పాను."

"మరెలాగ సచ్చిపోనాది?"

"ఆకలితో. మిగతావీ అలాగే ఉన్నాయి. నువ్వు చెప్పావు చూడు నడ్డి దిగిపోయిందని, నువ్వు చెప్పకముందే నేను కొలిచాను. కొలిచి దాచేశాను."

దానయ్య అప్పుడు తిరిగి చూశాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే చూసినట్టే చూశాడు, ఈ పిల్లకేమైందోనని. ఆ చూపు నెమ్మదిగా మారింది.

"నెల్లాల్లు," అన్నాడు. "నెల్లాల్లు నాను ఆ తల్లీపిల్లల్ని ఈ సేతుల్తో సంపినాననుకున్నానే. తిన్న మెతుకు లోపలికి పోలేదు. ఎందుకే?"

దారి పొడుగునా ఆమె జవాబులు సిద్ధం చేసుకుంది. కేంద్రం మూతపడుతుందని, పదిమంది పని పోతుందని. అవేవీ నోటికి రాలేదు.

"నా పేరు పోతుందని."

దానయ్య లేచి నాలుగడుగులు నీళ్ళ వైపు నడిచాడు. వీపు ఆమె వైపు ఉంది. రేణుక కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోదామని చూస్తోంది.

"ఇంకెన్నున్నాయి?" అన్నాడు చివరికి, అటు తిరిగే.

"ఎనిమిది. పెట్టె ఆపేశాను మావా. అయినా పోవటం లేదు. పెట్టెను నీళ్ళలో ఈడ్చుకుంటూ పోతే వెనకాలే వస్తాయి. నుసి ఉన్నచోటికి తీసుకుపోయి అక్కడ ఆపేస్తే సరి. కానీ ఈ గాలికి నుసి ఎక్కడ కడుతుందో నాకు తెలీదు. నీకు తెలుసు."

"మల్లీ పిలుస్తావన్నమాట, ఆ అబద్దంతోనే."

"ఒక్కసారి."

"రేపు పొద్దున్న పడవ తియ్యి," అన్నాడు దానయ్య. "నీకోసం కాదు."

*

పడవ ముందు అంచున నిలబడి దానయ్య నీటి రంగు చూస్తూ చెయ్యి చూపిస్తే, రేణుక వెనక ఇంజను దగ్గర కూర్చుని అటు తిప్పింది. నాలుగు గంటల ప్రయాణంలో అతను కుడి, ఎడమ, నెమ్మది అనే మాటలు తప్ప మరొకటి అనలేదు. తాడు చివర పెట్టె. పెట్టె వెనక, నీళ్ళ కింద, ఎనిమిది పెద్ద నీడలు. ఆకలితో ఉన్న జీవాలు ఇంత దూరం నమ్మి వస్తుంటే ఆమె వెనక్కి తిరిగి చూడలేకపోయింది.

ఉత్తరపు పాయ దాటాక నీళ్ళు గంజిరంగుకు తిరిగాయి. "ఇక్కడ," అన్నాడు దానయ్య.

రేణుక పెట్టె ఆపి తాడు పైకి లాగింది. మాంటాలు రెండు చుట్లు తిరిగాయి. అలవాటుగా నోళ్ళు తెరిచాయి. ఈసారి నోటినిండా మేత దొరికింది. పైకి లేచి, రెక్క అంచులు నీళ్ళు చీల్చుకుంటూ, ఒకదాని వెనక ఒకటి వరసకట్టి తిరిగాయి. దానయ్య మోకాళ్ళ మీద కూలబడి పడవ అంచు పట్టుకుని వాటిని చూస్తూ ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. రేణుక దగ్గరికి వెళ్ళలేదు. ఆ హక్కు తనకు లేదనిపించింది.

ఆరు అక్కడే ఉండిపోయాయి. రెండు మర్నాటికల్లా రీఫుకు తిరిగొచ్చాయి. మళ్ళీ తీసుకెళ్ళారు. చుక్కలమ్మ అనే చిన్నది మూడోసారి దారిలోనే వెనకబడింది. తరవాత ఎక్కడా కనపడలేదు. రెండోదైన మొండితోక మాత్రం నాలుగో ప్రయాణంలో అక్కడే నిలిచింది. ఆ రోజే రేణుక పెట్టెను విప్పి ముక్కలు చేసింది. లోపల దాచిన గుసగుసను కూడా చెరిపేసింది.

సంఘం మళ్ళీ కూర్చుంది. అదే హాలు. ఈసారి రేణుక నిలబడింది. కొలతల వరుస మొత్తం చదివింది.

"అప్పుడు అలా ఎందుకు చెప్పారు?" అని అడిగారు.

ఇసుకలో చెప్పిన జవాబే చెప్పింది. వెనక వరసలో కూర్చున్న దీవివాళ్ళు గుసగుసలాడుకున్నారు. తనతో బడికి వెళ్ళిన వాళ్ళున్నారు, తనకు డాక్టరేటు వచ్చిన రోజున మేళం వాయించిన వాళ్ళున్నారు. ఉద్యోగం పోయింది. ఇచ్చిన గౌరవాలు వెనక్కి తీసుకున్నారు. చక్రపాణి గారిని వేరేచోటికి మార్చారు. దానయ్య కార్డు తపాలాలో తిరిగొచ్చింది.

రేణుక దీవిలోనే ఉండిపోయింది. బడిలో లెక్కలు చెప్పేది. కనిపిస్తే ఎర్రమ్మ పలకరించేది. దానయ్య తలూపేవాడు, అంతే.

*

మరుసటి ఏడు జనవరిలో ఎర్రమ్మ బడి దగ్గరికి వచ్చి కబురు చెప్పింది. "రెక్కటేకులు వొచ్చినాయంట, ఆటంతటవే. నీకు సూపించమని నానే మీ మావతో పోరినాను. ఆదివారం రా."

ఆదివారం పొద్దున దానయ్య, రేణుక ఇద్దరూ నీళ్ళలోకి దిగారు. పర్యాటకులెవరూ లేరు. నీళ్ళు తేటగా ఉన్నాయి. పగడపు రాళ్ళ మధ్య చిన్నచేపలు మాంటాల ఒళ్ళు శుభ్రంచేసే చోటు అది. పెట్టె రాకముందు అవి వచ్చింది అందుకోసమే. రెండు మాంటాలు రాళ్ళ మీద నిదానంగా తేలుతున్నాయి. నోళ్ళు మూసుకునే ఉన్నాయి. చిన్నచేపలు వాటి పొట్టల కింద తిరుగుతున్నాయి. వీపులు నిండుగా ఉన్నాయి. రేణుకకు ఊపిరి తేలికైంది.

ఒకటి పక్కకు తిరిగింది. తోక సగమే ఉంది. మొండితోక. దాని కన్ను ఆమె మీద పడింది. మాస్కునూ కాళ్ళకున్న పసుపుపచ్చ ఫిన్సునూ ఆమె ఈదే తీరునూ గుర్తుపట్టింది. చిన్నచేపల్ని వదిలేసి నేరుగా ఆమె వైపు వచ్చింది. చేతికందేంత దగ్గరలో ఆగి, తోలు మడతలు విప్పి, నోరు తెరిచి, ఆమె ఎదుట వెనక్కి పల్టీ కొట్టింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ.

రేణుక వెనక్కి జరిగింది. అది ముందుకొచ్చింది. రాయి చాటుకు వెళ్ళింది. అక్కడికీ వచ్చింది. ఆ తేటనీళ్ళలో ఆ నోరు ఆమె కోసమే తెరుచుకుని ఉంది. దానయ్య కొంచెం దూరంలో కదలకుండా నిలబడి చూస్తున్నాడు. అతని చూపుకు ఎదురుగా చూడలేక, ఆమె బొటనవేలు పైకెత్తి పైకి పోతున్నానని సైగ చేసింది. లోతు నుంచి పైకొచ్చేవాళ్ళు మధ్యలో ఆగాల్సిన మూడు నిమిషాలూ తాడు పట్టుకుని కళ్ళు మూసుకుని ఆగింది. కింద మొండితోక నోరు ఇంకా తెరిచే ఉందని తెలుసు.

పావుగంట తరవాత దానయ్య పైకొచ్చి పడవ ఎక్కాడు. మాస్కు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నువ్వెలిపోయినాక కాసేపు ఎతికినాది," అన్నాడు. "తరవాత నోరు మూసుకుని రాల్ల కాడికి ఎలిపోనాది."

రేణుక ఫిన్సు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "ఇంక నేను దిగను మావా."

దానయ్య వంగి, ఆమె భుజాల మీది గాలిట్యాంకు పట్టీలు విప్పి, బరువు తన చేతుల్లోకి తీసుకుని, పడవలో ఒక పక్కన పడుకోబెట్టాడు. ఇంజను తాడు లాగాడు.